అక్క చూసుకున్న సూరత్

మా అక్క సత్తెమ్మ సూరత్‌లో ముప్పై ఏళ్ళుగా ఉంటోంది. ఆ ముప్పై ఏళ్ళలో కాశీకి రెండుసార్లు, కేదారానికి ఒకసారి వెళ్ళి, మెట్లతో సహా లెక్కపెట్టి రాసిన నేను అక్క ఇంటి గడప ఒక్కసారీ తొక్కలేదు. మొన్న బావ ఫోన్ చేశాకే కదిలాను. అక్కకు ఎడమ కన్ను ఎప్పుడో పోయిందట. కుడి కన్నూ మసకబారుతోంది. వరంగల్‌లో ఆపరేషన్ చేస్తామన్న డాక్టరు, చూపు నిలుస్తుందని మాత్రం మాట ఇవ్వలేదు. బావకు సూరత్ పక్కనున్న సచిన్ అనే పేటలో మగ్గాల మీద పని, సెలవు దొరకలేదు. అందుకని ఆమెను తీసుకురావడం నా వంతయింది.

రాత్రి ఎనిమిదికి వరంగల్‌లో రైలెక్కాను. తెల్లారి భుసావల్‌లో టీ, అరటిపండ్లు. ఎదుటి సీటాయన సూరత్‌లో మగ్గం నడిపే జనగామ మనిషి. అలవాటు కొద్దీ నోట్‌బుక్ తీసి, అక్కడ చూడదగినవి ఏమున్నాయని అడిగాను.

"సూరత్ల ఏముంటయ్ సార్, కామ్ తప్ప? డుమస్ల సముద్రముంటది. గదొక్కటి సూసి పోండ్రి," అన్నాడు. రాసుకున్నాను.

ఒంటిగంటకు దిగి, షేర్ ఆటోలో అక్క ఉండే భేస్తాన్ చేరేసరికి రెండు దాటింది. మేడ మీద ఒకే గది, సగం చీరల మూటలే. అక్క గుమ్మం వెలుతురులో కూర్చుని, ఒళ్ళో చీర తిరగేసుకుని కత్తెర ఆడిస్తోంది. మగ్గం మీంచి దిగిన చీరకు వెనకవైపు, పువ్వుకూ పువ్వుకూ మధ్య రంగు పోగులు వదులుగా వేలాడుతుంటాయి. వాటిని కోసి నున్నగా చేసి ఇవ్వడం ఇక్కడ ఆడవాళ్ళు ఇంట్లో చేసే పని. కళ్ళు పోతుంటే ఇంకా ఇదేం పనని కసిరాను. ఒప్పుకున్న మూట, రేపటితో అయిపోతుందని చెప్పి, వేలితో తడిమి తర్వాతి పోగు పట్టుకుంది.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి మా బస్సు. పగలంతా ఖాళీయే కదా అని, అక్కకు సముద్రం చూపిద్దామని, ఆమెను అడక్కుండానే డుమస్‌కు ఆటో మాట్లాడాను. తొమ్మిదికి అది వాకిట్లోకి వచ్చింది. అక్క చెప్పులు తొడుక్కోలేదు.

"సముద్రం నేనెన్నడు సూడలే తమ్మీ. గిప్పుడు ఒక్కనాడు సూస్తె ఏం యాదికుంటది? కండ్లు పోయినంక మిగిలేది రోజు సూసిందే. గదే జర మంచిగ సూసుకుంట."

ఆటో అతని చేతిలో వంద పెట్టి పంపేశాను. నాకు కోపం వచ్చిన మాట నిజం. రానూపోనూ రెండు వేల కిలోమీటర్ల ప్రయాణం పెట్టుకుని, సందులో పగలు గడపాలా అనిపించింది.

మూటలో చివరి చీర మిగిలింది. అక్క దాన్ని మంచం మీద వెనకవైపు పైకి పెట్టి పరిచింది. ఆకుపచ్చ, గులాబీ, పసుపు పోగులు అంచు నుంచి అంచు దాకా వాన చారల్లా ఉన్నాయి. "గీ దిక్కు సేటు సూడడు, కట్టుకునేటామె సూడదు. నేనొక్కదాన్నే సూస్త. సూసి కోస్త," అంది. చాలాసేపు చూసింది. తర్వాత తానే కోసేసింది.

అక్కణ్ణుంచి మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది. పైన వెంటిలేటర్‌లో పిచ్చుక గూడు ఉంది, గడ్డికంటే రంగు పోగులే ఎక్కువ. "నా పోగులే," అంది గర్వంగా. కింద తెల్లటి బట్ట తాన్లతో టెంపోలు పోతుంటే ఒక్కోదాన్నీ సందు మలుపు దాకా చూపుతో సాగనంపింది. నేను గడియారం చూసుకుంటూ వెనకే నిలబడ్డాను.

గదిలోకి వచ్చాక, రాత్రి పాళీ చేసొచ్చి నిద్రపోతున్న బావ పక్కన కూర్చుంది. ఆయన జుట్టు నిండా, చెవుల మీదా దారపు నూగు. అక్క ముఖం దగ్గరగా వంచి, ఒక్కొక్క నూగునే తీస్తూ ఆయన్ను చూసింది. పన్నెండున్నర దాకా అలాగే ఉంది. నాకు సిగ్గేసింది. గడియారం విప్పి జేబులో వేసుకున్నాను.

బస్సు నాలుగుంపావుకు కదిలింది, టికెట్ పదిహేను వందలు. బావ కిటికీ పక్కనే కొంత దూరం నడిచాడు. ఆరు దాటాక నవాపూర్ దగ్గర టీకి ఆగి బయల్దేరాం. బయట ఇంకా వెలుతురుంది, అయినా అక్క కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"గూట్ల ఏమేం రంగులున్నయ్ తమ్మీ?" అంది కళ్ళు తెరవకుండానే.

కేదారం దారిలో టీ కొట్లు ఎన్నో చెప్పగలను. పొద్దున చూసిన గూడు మాత్రం గుర్తు రాలేదు. తెలియదన్నాను.

"ఆకుపచ్చయి శాన. గులాబియి రెండు. ఒక్కటి జరి పోగు, కొస బయటికి ఏలాడుతది," అంది. నోట్‌బుక్ తీసి, డుమస్ అన్న మాట కొట్టేసి, దాని కింద అది రాసుకున్నాను. ఎవరైనా సూరత్ వెళ్తే సముద్రం సంగతి నన్ను అడగొద్దు. నాకు తెలిసిన సూరత్ అంతా ఆ నాలుగు ముక్కల్లోనే ఉంది.

అక్క కళ్ళు తెరిచింది. "ఇగ నువ్వు గిటు తిరుగు. వచ్చినకాడి నుంచి నిన్నే సక్కగ సూడలే."

తిరిగాను. ఆమె తన ముఖం దగ్గరికి తెచ్చి నా నుదురు, చెంపలు, నెరిసిన మీసం ఒక్కొక్కటే చూడసాగింది. బస్సు కుదుపులకు నా ముఖం పక్కకు పోకుండా, ముందు సీటు కడ్డీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.