క్రెష్ కాగితంలో మూడు పేర్లు

నేను చెప్పింది చెప్పినట్టే రాయి. మధ్యలో బాగుచేయకు.

అప్పుడు నీకు నాలుగేళ్లు. మీ నాన్న నేవీలో, షిప్పు మీద. మీ అమ్మ బ్యాంకులో. షిప్పు ఎప్పుడు వెళ్తుందో, ఎప్పుడొస్తుందో ఇంట్లోవాళ్లకు చెప్పరు. అందుకే నేవీ క్వార్టర్స్ లోపల పిల్లల్ని చూసుకునే మీ క్రెష్ వాళ్లు ఒక కాగితం ఇచ్చారు. అమ్మానాన్నలు రాలేని రోజు పిల్లను ఎవరి చేతికి ఇవ్వాలో ముగ్గురి పేర్లు రాయమన్నారు. మీ నాన్న గుండ్రటి అక్షరాలతో నింపేశాడు. ఒకటి కింద ఇంటావిడ. రెండు తన షిప్పులోనే పనిచేసే స్నేహితుడు. మూడు ద్వారకా నగర్‌లో ఉండే మీ మేనత్త.

"బాబూ, నా పేరేది?" అన్నాను అల్లుడితో.

"నీకెందుకత్తా స్రెమ? గాజువాక నుంచి రావాల, గేటు పాసుకి ఫొటోలంటారు, జిరాక్సులంటారు. ఈలు ముగ్గురు సాలరేటి?"

నాకూ అదే హాయనిపించింది. పాసు కోసం ఎవడు తిరుగుతాడని ఊరుకున్నాను. ఆ మాట కూడా రాయి, దాచకు.

ఒకరోజు తెల్లారగట్లే షిప్పు వెళ్లిపోయింది. ఇంకో రెండు రోజులకి మీ అమ్మ బ్యాంకులో కడుపునొప్పితో కూలబడిపోయింది. అపెండిక్స్, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారట. ఆసుపత్రి నుంచి నాకు ఫోన్ చేసి ఒక్కటే మాట చెప్పింది.

"అమ్మా, రెండింటికి క్రెష్ మూసెత్తారు. పిల్లని సూడు."

కింద ఇంటావిడకు చేశాను.

"నాను ఆనందపురంలో ఉన్నాను పిన్నీ. షిప్పు ఎల్లిపోనాది కదా, మా అమ్మకాడికొచ్చీసినాను."

ఆవిడ మొగుడిదీ అదే షిప్పు. షిప్పు కదిలిందంటే ఆడవాళ్లు బట్టలు సర్దుకుని పుట్టింటికి పోవడం ఆ క్వార్టర్స్‌లో మామూలే. ఇక ఆ స్నేహితుడంటావా, అతనూ మీ నాన్న పక్కనే సముద్రం మీదున్నాడు. తను లేనప్పుడు పిల్లనెవరు చూస్తారంటే, తనతోపాటు లేకుండా పోయేవాళ్ల పేర్లు రాశాడు నీ తండ్రి. చదువుకున్నవాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మిగిలింది మేనత్త. నీ పుట్టినరోజుకి వచ్చి, "నా కోడలు, నా కోడలు" అంటూ నీ బుగ్గలు ఎర్రబడేదాకా నలిపే మనిషి.

"ఇంటినిండా సుట్టాలత్తా. బిర్యానీ పొయ్యి మీదున్నాది. ఓ గంటాగి సూత్తాను."

"గంటాగితే మూసెత్తారు తల్లీ."

"అయితే మీరే ఎల్లండి. కాళీగానే ఉంటారు కదా."

షేర్ ఆటో ఎక్కి, ఇంకో ఆటో మారి వెళ్లాను. క్వార్టర్స్ గేటు దగ్గర ఆపేశారు.

"నీ పేరు నేదమ్మా. నానేటి సెయ్యను?" అన్నాడు గేటు మనిషి.

అతన్ని తిట్టలేదు. దారినపోయే ముసలిది అడిగిందని పిల్లనిచ్చేస్తే అదింకా ఘోరం. క్రెష్ మూసేసినా టీచరమ్మ మాత్రం వెళ్లిపోలేదు, నిన్ను గేటు దాకా తీసుకొచ్చింది. ఊచల అవతల నువ్వు, ఇవతల నేను. నీ గౌను తడిసిపోయింది.

"అమ్మమ్మా, నాను గౌను పాడు సేసీసినాను," అన్నావు, తప్పంతా నీదే అన్నట్టు.

ఊచల్లోంచి చెయ్యి పెట్టి నీ ముక్కు తుడిచాను. అంతకుమించి ఏమీ చేయలేకపోయాను. ఆ చేతిని చూస్తే నాకే రోత పుట్టింది. పక్కింటివాళ్ల పిల్ల కోసమైనా పాసు తీయించుకుని ఉండేదాన్ని.

మేనత్తకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. వచ్చి ఒక్క సంతకం పెట్టమని బతిమాలాను. చుట్టాలు తిన్నాక, నాలుగింటికి కార్లో వచ్చింది. దిగలేదు. పిల్లను అప్పగించే కాగితం కిటికీలోంచే తీసుకుని సంతకం గీకింది. నేను నిన్ను కారెక్కించబోతే, "సీటు తడిసిపోద్ది, మీరు ఆటోలో తీసుకెళ్లిపోండత్తా" అంది. ఛీ, ఆ మాట ఇప్పటికీ చెవిలో కుళ్లుతోంది.

మీ అమ్మకి ఆపరేషన్ బాగానే జరిగింది. మీ నాన్న తిరిగొచ్చాక దగ్గర కూర్చుని ఆ కాగితం మళ్లీ రాయించాను. మొదట నా పేరు. తరవాత, ఆవిడ ఒప్పుకున్నాకే, క్రెష్ ఆయా పేరు. మేనత్త పేరు తీయించేశాను. వారానికో రోజు నేనే వచ్చి నిన్ను తీసుకెళ్లేదాన్ని, నా మొహం గేటు వాళ్లకీ నీకూ అలవాటు కావాలని.

పేరు తీసేశారని మేనత్తకు తెలిసింది. ఫోన్ చేసి ఒకటే ఏడుపు.

"సొంత మేనత్తని. నలుగురిలో నా పరువేటవ్వాల?"

నేను ఫోన్ మీ నాన్నకి ఇచ్చేసి, నీకు అన్నం పెట్టడానికి వెళ్లాను.