నేను చెయ్యని మట్టిపని

పోయిన నెల వనపర్తిలో ఉద్యోగాలకు తయారవుతున్న పిల్లల శిక్షణ తరగతిలో, ఇంటర్వ్యూకు ఎట్లా సిద్ధం కావాలో చెప్పమని నన్ను పిలిచారు. బ్యాంకులో ఇన్నేళ్ళు పనిచేసినవాణ్ణి కదా. ఎప్పటిలాగే నా ఇంటర్వ్యూలో నేనిచ్చిన జవాబు చెప్పాను, ఎప్పటిలాగే చప్పట్లు కొట్టారు. తరగతి అయ్యాక కల్వకుర్తి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి దగ్గరికొచ్చి, "సార్, మా అమ్మ గూడ మట్టిపనికి పోయేది. మీరు రోజుకు ఎంత లోతు తవ్వేటోళ్ళు?" అని అడిగింది. నాకు తెలియదు. ఏదో నసిగి కారెక్కాను. ఆమె ముఖంలో అనుమానమన్నదే లేకపోవడం నన్ను ఇంటిదాకా వెంటాడింది.

మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఇంటర్వ్యూ పిలుపు వస్తే చొక్కా గురించి, జుట్టు గురించి సలహాలిచ్చేవాళ్ళు ఊరినిండా ఉండేవారు గానీ, లోపల ఏమడుగుతారో చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ దొరికేవారు కాదు. అందుకే వనపర్తిలో ఒకే గదిలో ఉండే నేనూ నా మిత్రుడూ, ఒకే బ్యాంకు నుంచి ఒకే రోజుకు పిలుపు రాగానే, మాలో మేమే తయారయ్యాం. ఒకరం బియ్యం డబ్బా మీద కూర్చుని అధికారి అయితే, ఇంకొకరం తలుపు తట్టి లోపలికి వచ్చేవాళ్ళం. మాది గద్వాలలో బట్టల దుకాణం. మా అమ్మ ఎండలో నిలబడింది కూడా తక్కువే. వాడిది గట్టు అనే ఊరి దగ్గర పల్లె. కాలేజీ సెలవుల్లో వాళ్ళమ్మతోపాటు దూరపు కాలువ పనులకు వెళ్ళి తట్ట మోసినవాడు.

పల్లెల్లో పనిచెయ్యగలవని ఎట్లా నమ్మాలి అని నేనడిగితే వాడు చెప్పే జవాబు ఒకటుండేది. ఎంత లోతు తవ్వారో తెలియడానికి గుంత మధ్యలో కొంత మట్టిని తవ్వకుండా దిమ్మలా వదిలేవారట. కొలతకు ముందు గుత్తేదారు మనిషి వచ్చి దాని నెత్తి చెక్కేస్తే లోతు తక్కువ తేలేది, కూలీ తగ్గేది. వాళ్ళమ్మ మాత్రం దిమ్మ మీది గడ్డిని కూలీలెవరినీ పీకనిచ్చేది కాదట, నెత్తి చెక్కితే గడ్డి పోయి దొంగతనం బయటపడుతుందని. ఎప్పుడైనా చెక్కేస్తే, కొలిచేవాడు రాగానే, "దీని మీద గడ్డి యాడ పోయింది సారూ?" అని పదిమంది ముందు నిలదీసేదట. చదువురాని మనిషి రుజువును ఎట్లా కాపాడుకుందో చూసి నేర్చుకున్నానని ముగించేవాడు. "గడ్డి కాడికి వచ్చినంక జర ఆగి చెప్పురా" అని వాడికి మెరుగులు దిద్దింది నేనే.

హైదరాబాదులో నా పేరు ముందు పిలిచారు. అదే ప్రశ్న అడిగారు. దుకాణంలో గిరాకీలతో మాట్లాడటం గురించి నా సొంత జవాబు తయారుగానే ఉంది. కానీ నోరు తెరిస్తే వాళ్ళమ్మ వచ్చింది, మా అమ్మ అయి. గడ్డి దగ్గర ఆగాను కూడా. ముగ్గురు అధికారులూ కుర్చీల్లో ముందుకు వంగారు.

నా తర్వాత లోపలికి వెళ్ళిన నా మిత్రుడు తొందరగానే బయటికి వచ్చాడు. "నవ్విన్రురా. ఏ గైడుల చదివినవ్, ఇంతకుముందు ఒకాయన గిదే చెప్పిండు అన్నరు. నువ్వు చెప్పినవా?"

"నేనెందుకు చెప్త? ఎవడో యాడనో విన్నడేమో," అన్నాను.

వాడు నా వంక చూసి, "మా అమ్మ ముచ్చట గైడులకు ఎప్పుడెక్కిందిరా," అన్నాడు. వనపర్తి బస్సులో వేరే సీటు చూసుకుని కూర్చున్నాడు.

ఉద్యోగం నాకు వచ్చింది. వాడు ఆ నెలలోనే గది ఖాళీ చేసి వాళ్ళమ్మతో పనికి వెళ్ళిపోయాడని, తర్వాత కర్ణాటక వైపు కూలీల గుంపుకు మేస్త్రీ అయ్యాడని విన్నాను. గట్టు బ్రాంచిలో రెండేళ్ళు పనిచేసి కూడా వాడి పల్లె దారి తొక్కని పిరికివాణ్ణి నేను. ఆ జవాబు వాడిది, ఆ తల్లి వాడి తల్లి. ఈ మాట అప్పుడే, ఆ వరండాలోనే చెప్పి ఉంటే, వాణ్ణి మళ్ళీ లోపలికి పిలిచేవారేమో.

ఇప్పుడు కాలం మారింది. ఆనాటి కూలీల పిల్లలు ఫోను ముందు కూర్చుని తమ జవాబులు తామే రికార్డు చేసుకుని వింటున్నారు. కానీ ఇన్నేళ్ళుగా నా నోట ఆ కథ విన్న పిల్లల్లో ఎందరు దాన్ని ఎక్కడెక్కడ చెప్పేశారో నాకు తెలియదు. రేపు ఆ అమ్మాయి ఒక గదిలోకి వెళ్ళి, నిజంగా మట్టి మోసిన వాళ్ళమ్మ గురించి మొదలుపెట్టగానే, అవతలివాళ్ళు ఇది మేం విన్నదేనని నవ్వుతారేమో.