కిటికీ పక్క మంచం

దర్జీ అక్క చేతులు ఖాళీగా ఉంటే ఆవిడకు పిచ్చెక్కుతుంది. పిత్తాశయంలో రాళ్ళు తీయించుకోవడానికి ఆసుపత్రిలో చేరుతూ కూడా, గుండీలు కుట్టాల్సిన చొక్కాలు సంచీలో కుక్కుకుని మరీ వెళ్ళింది. తమ్ముడు నెత్తి కొట్టుకున్నాడు. అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది?

ఆపరేషన్ బాగానే జరిగింది. లేచి కూర్చునే ఓపిక రాగానే ఆవిడ సూది తీసింది. కానీ ఆవిడ మంచం గోడవైపు ఉంది, దారం ఎక్కిద్దామంటే వెలుతురు చాలదు. కిటికీ పక్క మంచంలో ఉన్న పంతులమ్మది షుగరు ఒళ్ళు, కాలి పుండుకు వైద్యం చేయించుకుంటోంది. ఆవిడకేమో కిటికీ ఎండ కంట్లో పడి కునుకు పట్టడం లేదట. ఇంకేం, ఇద్దరికీ కుదిరింది. ఎవరికీ చెప్పాపెట్టకుండా, తోడికోడళ్ళు గదులు మార్చుకున్నట్టు, దిండ్లూ దుప్పట్లూ పట్టుకుని మంచాలు మార్చుకున్నారు. పేర్లు రాసిన చీటీలు మాత్రం ఏ మంచానివి ఆ మంచానికే వేలాడుతూ ఉండిపోయాయి. వాటి సంగతి ఎవరికి పట్టింది!

భోజనాల ముందు నర్సు వచ్చింది. కొత్తగా చేరిన పిల్ల, పైగా ఆ రోజు వార్డంతా ఒక్కతే చూసుకుంటోంది. చీటీ చూసింది గానీ పేరడగలేదు. దర్జీ అక్క చేతికి ఇంజెక్షన్ వేసి, గబగబా ముందుకు వెళ్ళిపోయింది. ఇదేం మందమ్మా అని ఈవిడా అడగలేదు. గుండీ రంగు కోసం గంటసేపు తగువులాడే మనం, ఒంట్లోకి ఎక్కే మందు గురించి మాత్రం ఒక్క ముక్క అడగం. అడిగితే వాళ్ళేమనుకుంటారోనని మొహమాటం!

కాసేపటికి చేతులు వణికాయి, చెమటలు కారిపోయాయి. తమ్ముడు కంగారుపడితే, తిండి లేక నీరసంలేరా అని కసిరి పడుకుంది. అంతలో పక్కన పంతులమ్మ నర్సును పిలిచి, అన్నం వచ్చేసింది, నా ఇన్సులిన్ ఏదమ్మా అని అడిగింది.

నర్సు ముఖంలో నెత్తుటిచుక్క లేదు. పరుగున వచ్చి దర్జీ అక్క వేలు పొడిచి చక్కెర చూసింది. బాగా పడిపోయింది. డాక్టరు వచ్చాడు, నరంలోకి గ్లూకోజు ఎక్కించారు. పోయే ప్రాణం వెనక్కి వచ్చింది.

కళ్ళు తెరిచిన దర్జీ అక్క మళ్ళీ నీరసం పాటే పాడింది. తమ్ముడు నమ్మాడు. డాక్టరు చూపు పక్కకు తిప్పుకున్నాడు. తప్పించుకోవడానికి తలుపులు బార్లా తెరిచి పెట్టినట్టే కదా! ఆ పిల్ల ఊఁ అంటే చాలు, అంతటితో పోయేది.

"నీరసం కాదమ్మా," అంది నర్సు. "ఆవిడకు వెయ్యాల్సిన ఇన్సులిన్ మీకు వేశాను. పేరు అడగకపోవడం నా తప్పు. ఆ మందు ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. మళ్ళీ చెమట పడితే నీరసమని ఊరుకోకండి, వెంటనే పిలవండి."

తమ్ముడు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. అక్క ఆపుతున్నా వినకుండా పెద్ద డాక్టరు గదికి వెళ్ళి, ఆ పిల్ల రేపు ఇక్కడ కనబడకూడదని కూర్చున్నాడు.

సాయంత్రం అతను టీకి వెళ్ళినప్పుడు దర్జీ అక్క మెడ కింద మళ్ళీ చెమట పట్టింది. నిద్ర ముంచుకొస్తోంది. హాయిగా పడుకునేదే, కానీ ఆ పిల్ల మాట గుర్తొచ్చింది. ఉన్న ఓపికంతా కూడదీసుకుని కేకేసింది. మళ్ళీ గ్లూకోజు ఎక్కించారు.

మర్నాడు పెద్ద డాక్టరు మంచం దగ్గరికే వచ్చి, ఆ అమ్మాయిని పంపించేస్తున్నామని, తమను క్షమించాలని చెప్పాడు. తమ్ముడు బాగా అయిందన్నట్టు తల పంకించాడు.

"ఆగండి బాబూ," అంది దర్జీ అక్క. "తప్పు చేసింది, కాదన్ను. మంచాలు మార్చుకుని మేమూ తగుదునమ్మా అని ఓ చెయ్యి వేశాం. కానీ నిన్న సాయంత్రం నేను నిద్రపోకుండా కేకేశానంటే, ఆ పిల్ల నిజం చెప్పబట్టే. ఇప్పుడు దాన్ని పంపించేస్తే రేపు ఇంకో పిల్ల చెబుతుందా? నోరు మూసుకుంటుంది. అప్పుడు ఈ మంచం మీద ఉన్నవాళ్ళ గతేంటి?"

పెద్ద డాక్టరు ఆవిడ మాట విన్నాడు. నర్సును ఉంచారు, వార్డుకు మరో మనిషిని వేశారు, పేరు అడిగి చెప్పించుకోకుండా ఎవరికీ మందు ఇవ్వకూడదన్నారు. తమ్ముడికి కోపం దిగడానికి ఇంకొన్నాళ్ళు పట్టిందనుకోండి.

కుట్లు తీసే రోజు పెద్ద నర్సును పంపుతామంటే దర్జీ అక్క వద్దని, ఆ పిల్లనే పిలిపించుకుంది. పిల్ల వచ్చి నిలబడిందేగానీ, కత్తెర పట్టుకునే ధైర్యం చాలడం లేదు.

"కానియ్యమ్మా," అంది దర్జీ అక్క, కడుపు మీది గుడ్డ తనే పక్కకు తీస్తూ. "నువ్వు చెప్పబట్టి బతికున్నాను. ఈ కుట్లు నీ చేతికి కాక ఇంకెవరి చేతికిస్తాను?"

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, చేతులు కడుక్కుని వచ్చి, కత్తెర అందుకుంది.