వెనక లైటూ, నా కొంగున తాళంచెవీ

నిన్న సాయంత్రం మా అమ్మాయి తన కారు వెనక లైటుకు కొత్త బల్బు వేస్తూ, "అమ్మా, లోపల కూర్చుని కాస్త బ్రేకు తొక్కవా" అంది. అంతే, ఎండకు కాగిన రెగ్జిన్ సీటు వాసన వచ్చినట్టయింది నాకు. మన పాత అంబాసిడర్ల వాసన మీకూ గుర్తుండే ఉంటుంది.

తొంభైల నాటి మాట. అప్పుడూ భవానీపురంలోనే ఉన్నాం. మా ఆయన మంగళగిరి నుంచి మా అంబాసిడర్‌లో చీరల మూటలు వేసుకుని చీకటిపడ్డాక వచ్చేవారు. బ్రేకు వేసినప్పుడు వెనక లైటు వెలగకపోతే వెనకొచ్చే లారీవాళ్లు గుద్దేస్తారేమోనని నా భయం. అందుకే బల్బు పోతే ఆయన ఇంటిముందే మార్చేసేవారు. వెలిగిందో లేదో కారు వెనక నిలబడి ఆయన చూడాలి, బ్రేకు నేను తొక్కాలి.

"ఏవండీ, బండి కదిలి మీ మీదకొస్తేనో?"

"తాళంచెవి తిప్పకుండా ఎట్టా కదులుద్దే?"

"వెనక్కి దొర్లదా ఏంటి?"

ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. చక్రాలకు ఇటుకలు అడ్డంపెట్టి, తాళంచెవి తెచ్చి నా కొంగున ముడేశారు. "ఇక బండి నీ చేతిలో ఉంది, తొక్కు" అన్నారు. బల్బు పోయిన ప్రతిసారీ ఇదే తంతు. అంత ఓపిక నేను మరెవరిలోనూ చూడలేదు. మా అమ్మాయి అప్పుడు చిన్నపిల్ల, అరుగు మీద కూర్చుని చూస్తుండేది.

నిన్న నేను బెరుకుగా డోరు తీస్తుంటే, "ఉండమ్మా" అంది. హ్యాండ్‌బ్రేకు వేసే ఉంది. అయినా రెండు ఇటుకలు తెచ్చి చక్రాలకు అడ్డంపెట్టింది. తాళంచెవి నా కొంగున ముడేసి వెనక్కి వెళ్లింది.

తొక్కాను. అద్దంలో మా గోడంతా ఎర్రగా వెలిగింది.