‘ఊ’ అనొద్దన్న మా కండక్టర్ చాచా

జులై పదిహేడు, గురువారం. ఈ రోజు మొదటి ఆశ్చర్యం ఇది: మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల మనిషి పోతే, ఆ వార్త నాకు ఎమ్మిగనూరు నుంచి వచ్చింది.

అప్పుడప్పుడే తెల్లవారుతోంది. ఎవరో తలుపు దబదబా బాదుతున్నారు. తీస్తే ఎదురుగా నేను చదువు చెప్పే ఎమ్మిగనూరు పిల్లోడు. కాళ్లకు చెప్పులు లేవు, జుట్టు నిండా దుమ్ము.

"చాచా పోయినాడంటక్కా."

"ఏ చాచా?" అన్నాను. నిద్రకళ్లతో మనిషి ఎంత తెలివితక్కువ ప్రశ్న అడగగలడో! మా వీధి మొత్తానికి చాచా అంటే ఒక్కడే, కండక్టర్ చాచా.

రాత్రి నిద్రలోనే ప్రాణం పోయిందట. తెల్లవారుజాము ఫజర్ నమాజుకు లేపబోయిన కొడుకుకు ఏం చేయాలో తోచక, తండ్రి ఫోన్ తీసి ఆయన చివరగా మాట్లాడిన నంబరుకే మొదట చేశాడు. అది ఈ పిల్లోడిది. వాడు దొరికిన పాల వ్యాన్ ఎక్కి ఆదోనికి వచ్చేశాడు. ఏడుపు విని మా అమ్మ అప్పటికే అక్కడికి వెళ్లింది. పరీక్షలకు చదివి పడుకున్నానని నన్ను లేపలేదు.

పిల్లోడు చెప్పిన రెండో మాట కూడా రాయాలి. "రేపు నేను కర్నూలుకి పోనక్కా. చాచా ల్యాకుండా నాకు నోరు రాదు."

ఇది చదివేవాళ్లకు చాచా ఎవరో, కర్నూలులో రేపు ఏముందో చెప్పాలి. చాచా బస్సు కండక్టరుగా పనిచేసి రిటైర్ అయినాయన. ఆ తర్వాత ఆయన పెట్టుకున్న పని, కేసుల్లో చిక్కుకున్న పిల్లలకు తోడుండటం. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల కేసులు మామూలు కోర్టులో కాక బాలల న్యాయ మండలిలో వింటారు. అందరూ దాన్ని బోర్డు అంటారు, అది కర్నూలులో ఉంది. ఆదోని, కౌతాళం, ఎమ్మిగనూరు వైపు పిల్లలను వాయిదాలకు తీసుకెళ్లడం, మధ్యలో వాళ్లు ఏం తింటున్నారు, ఎవరితో తిరుగుతున్నారు, బడికి పోతున్నారా అని చూసుకోవడం చాచా పని. జీతం లేదు. ఎందుకు చాచా ఇదంతా అని ఒకసారి అడిగాను.

"రిటైరైనా నాకు బస్సెక్కాలని ఉంటాది బేటీ. ఊరికే ఎక్కితే మీ చాచీ తిడ్తాది."

అది ఆయన నవ్వులాట. అసలు సంగతి తర్వాత చెప్పాడు. డ్యూటీలో ఉన్నప్పుడు ఒకరోజు ఒక కానిస్టేబుల్ చిన్న పిల్లవాణ్ణి బస్సెక్కించాడట. సీట్లున్నా కర్నూలు దాకా వాడు నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. తాను కూర్చునే కండక్టర్ సీటు చాచా వాడికిచ్చి, దారంతా తాను నిలబడ్డాడు. రిటైర్ అయిన వారంలోనే బోర్డు ఆఫీసుకు వెళ్లి "నాకేమన్నా పనుందా?" అని అడిగాడు.

ఎమ్మిగనూరు పిల్లోడి పేరు రాయను. రాయకూడదని చట్టమే చెబుతుంది. ఆ సంగతి తెలిసిన రోజు నాకు ఎంత సంబరమైందో! ఒక పేరును కాపాడటానికి చట్టం ఒకటుందా అని! ఇంకా తవ్వితే, అలాంటి పిల్లలను నేరస్థులని కూడా అనరని, ‘చట్టంతో విభేదించిన బాలలు’ అంటారని తెలిసింది. పరుగెత్తుకుంటూ వెళ్లి చాచాకు చెప్పాను. ఆయన చెవి మీది పెన్ను సర్దుకొని (రిటైరైనా ఆ పెన్ను చెవి దిగలేదు) శ్రద్ధగా విన్నాడు.

"మంచిగుంది. కానీ అంత పొడుగు మాట నోట్లో తిరిగేలోపల బస్సు పోతాది బేటీ. పిల్లోడు అను, సాలు."

అప్పటి నుంచి నేనూ పిల్లోడనే అంటున్నాను.

ఈ పిల్లోడిది మగ్గం నేసే ఇల్లు. ఇద్దరు పెద్ద కుర్రాళ్ల మాట విని ఆదోని మార్కెట్ యార్డు బయట నిలిపిన బైకు తీశాడు. ముగ్గురూ కౌతాళం దాకా పోయారు. కాలువ గట్టు మీద పెట్రోలు అయిపోయింది. పెద్దవాళ్లు జారుకున్నారు, బైకు తోసుకుంటూ వీడు దొరికాడు. డిక్కీలో ఉన్న సెల్‌ఫోను మాత్రం దొరకలేదు.

మొదటి వాయిదాలో బోర్డు మేడమ్ మెత్తగానే అడిగిందట. బైకు తీశావా? "ఊ." నువ్వే నడిపావా? "ఊ." సెల్‌ఫోను కూడా నువ్వే తీశావా? "ఊ."

ఆ మూడో ‘ఊ’ నిజం కాదు. భయం వేస్తే వాడి నోట్లోంచి వచ్చేది ఆ ఒక్క అక్షరమే. వాడి పక్కన నిలబడ్డ చాచా అది కనిపెట్టాడు.

"మేడమ్, ఈడు ఊ అనేది ఒప్పుకొని కాదు, బిరీన బయట పడదామని. ఈనికి కొంచెం టైమియ్యండి."

ఆమె ఒప్పుకుంది. తర్వాత ఒకరోజు వాడి మాటే మళ్లీ వింటానంది. ఆ రోజు రేపే. రేపు వాడు వెళ్లకపోయినా, వెళ్లి మళ్లీ ‘ఊ’ అన్నా, తీయని సెల్‌ఫోను కూడా వాడి నెత్తినే ఉండిపోతుంది.

మేడమ్ ఇచ్చిన ఆ గడువులో చాచా ఏం చేశాడో వింటే మీరూ నవ్వుతారు. వాడికి స్టాపులు పిలవడం నేర్పాడు! నెలనెలా బోర్డు పెట్టిన ప్రొబేషన్ ఆఫీసరును కలవడానికి కర్నూలు వెళ్లాలి. చాచా ఆదోనిలో ఎక్కేవాడు, పిల్లోడు ఎమ్మిగనూరులో. డ్యూటీలో ఉన్న కండక్టర్లందరూ చాచాకు జూనియర్లే. "ఈడు నా అసిస్టెంటు, స్టాపులు ఈడు పిలుస్తాడు" అనేవాడు. మొదటిసారి పిల్లోడు "గోనెగండ్ల" అన్నది వాడికే వినపడలేదు.

"ఎవురికి సెప్పినావురా, నీ సొక్కా గుండీకా?" అన్నాడు చాచా. "ఆ సివర కూచున్న ముసలాయన దిగాల. ఆయనకి సెప్పు. ఆయన మొగం సూసి సెప్పు."

వాడికి ఆగిపోయిన పదో తరగతి మళ్లీ మొదలైంది. తెలుగు, సోషల్ చెప్పమని చాచా నన్ను పట్టుకున్నాడు. "నువ్వు మాట్లాడ్తాంటే రేడియోలో వార్తలు ఇన్నట్లుంటాది. వానికీ కొంచెం పొయ్యి." అలా ఆదివారాలు ఎమ్మిగనూరు వెళ్లడం మొదలుపెట్టాను. మగ్గం చప్పుడు మధ్యలో వినపడాలంటే నేను అరవాలి, వాడూ అరవాలి. నాకు కొత్త మాటలంటే పిచ్చి, వాడికి పాత మాటలే గొంతు దాటవు. భలే జోడీ!

చాచాకు కొన్ని పద్ధతులుండేవి. పోయేటప్పుడు కేసు మాట ఎత్తడు. ఎమ్మిగనూరు బస్టాండులో ఉగ్గాని, బజ్జీ తినిపించకుండా ఏ పిల్లోణ్ణీ బస్సెక్కించడు. వచ్చేటప్పుడు ఎక్కడ దిగి టీ తాగాలో పిల్లోడే చెప్పాలి, ఎంత పనికిమాలిన చోటు చెప్పినా దిగేవాడు. మాట ముగించాలంటే "రైట్ రైట్" అని లేచేవాడు. ‘ఊ’ అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "అవునంటే అవునను, కాదంటే కాదను. ఊ అనేది పసిబిడ్డలు కత వినేటప్పుడు."

ఒకరోజు నేనూ వాళ్లతో వెళ్లాను. వాడి చదువు ఎలా ఉందో ఆఫీసరుకు చెప్పాలి. అప్పటికి పిల్లోడి గొంతు బాగా లేచింది. లేచిన గొంతును వాడుకోవాలని తొందర కూడా వచ్చింది. గోనెగండ్ల దాటాక ఎవరి కోసమో ఒక అడ్డరోడ్డు దగ్గర బస్సాగింది. వీడు ఫుట్‌బోర్డు మీది నుంచి "కోడుమూరూ! కోడుమూరోళ్లు దిగండీ!" అని బ్రహ్మాండంగా అరిచాడు. ఒక అవ్వ, ఆమె కొడుకు, కోడలు, మూటలు, ఒక కోడిపుంజుతో సహా దిగిపోయారు. బస్సు కదిలింది. కొంతసేపటికి అసలు కోడుమూరు వచ్చింది.

పిల్లోడి ముఖం పాలిపోయింది. ఎవరూ ఏమీ అనకముందే చాచా లేచాడు. "దిగుదాం పా." ఆటో మాట్లాడుకొని ముగ్గురం వెనక్కి వెళ్లాం. అవ్వ రోడ్డు పక్కన మోరీ గట్టు మీద కూర్చుని కోడిపుంజును ఒళ్లో పెట్టుకొని, కనపడని కండక్టరును తిడుతోంది. చాచా ఆటో దిగలేదు. పిల్లోడి వైపు చూశాడంతే.

వాడు దిగి ఆమె ముందుకు వెళ్లాడు. "నేనే తప్పు సెప్పినానవ్వా. ఇది కోడుమూరు కాదు."

"కాదని మాకూ తెలిసిందిలేరా, సచ్చినోడా! కోడుమూరులో ఇన్ని గొర్రెలుంటాయా?"

అందరినీ ఆ ఒక్క ఆటోలోనే ఇరికించుకొని బయలుదేరాం. కోడిపుంజు పిల్లోడి ఒళ్లోకి వచ్చింది. అవ్వ కాస్త చల్లబడి "యాడికి పోతాండారప్పా?" అని అడిగింది. చాచా ఎప్పటిలాగే "నా అసిస్టెంటు..." అని మొదలుపెట్టాడు. పిల్లోడు అడ్డొచ్చాడు.

"కేసుకవ్వా. బైకు తీసుకపోయినా. అది నేనే. సెల్‌ఫోను మాత్రం నేను తీయల్యా."

ఆటోలో అంత గోలలోనూ ఆ మాట ముక్కముక్కా వినపడింది. చాచా రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

అవ్వ వాణ్ణి ఎగాదిగా చూసింది. "అయితే ఆ మాట ఆడ సెప్పుపో. నాకు సెప్తే ఏమొస్తాది?"

రేపు చెప్పాల్సిన మాట అదే.

ఇక ఈ రోజు సంగతి. మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత జనాజా ఎత్తాలని నిర్ణయించారు. మసీదు మైకులో చెప్పాలంటే కరెంటు లేదు. చాచా కొడుకు గుమ్మంలో నిలబడి "ఎవురన్నా గల్లీలల్లో సెప్పి రాండప్పా" అన్నాడు. పెద్దవాళ్లు ఎవరు వెళ్లాలా అని ఒకరి ముఖాలు ఒకరు చూసుకునేలోపే పిల్లోడు బయలుదేరాడు. నాలుగు ఇళ్లు దాటకముందే వాడి గొంతు ఖంగుమంది.

"కండక్టర్ చాచా జనాజా! జొహర్ నమాజు అయినాంక! వచ్చేటోల్లు రాండీ!"

అచ్చం బస్టాండు రాగం. వీధులకు వీధులే తలుపులు తెరిచాయి. మూలింటి పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూనే వాణ్ణి ఆపింది. "ఏంది నాయనా, జనాజాకి పిలుస్తాండావా, బస్సుకి పిలుస్తాండావా?"

"యాడికైనా టయానికి రావాల కదవ్వా!" అంటూ వాడు మలుపు తిరిగిపోయాడు. ఆ దుఃఖంలోనూ ఆడవాళ్లందరం నవ్వేశాం. చాచీ కూడా నవ్వింది. నవ్వుతూనే మా అమ్మ భుజం మీద తల వాల్చింది.

మధ్యాహ్నానికి మా గల్లీ పట్టలేదు. లారీ మెకానిక్కులు, పత్తి యార్డు హమాలీలు, చంకలో బిడ్డతో ఒక ఆటో డ్రైవరు వచ్చారు. వీళ్లంతా ఎవరని బంధువులు గుసగుసలాడారు. ఎవరూ చెప్పలేదు. నాకు మాత్రం తెలుసు, వీళ్లందరూ ఒకప్పుడు బస్సులో చాచా పక్కన కూర్చున్న పిల్లోళ్లే. జనాజాకు భుజం పట్టడానికి వాళ్లలో వాళ్లు తోసుకున్నారు.

ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చి మగవాళ్లు తిరిగొచ్చాక పిల్లోణ్ణి పక్కకు పిలిచాను. వాడి అమ్మ కూడా అప్పటికి బస్సులో వచ్చింది. నా దగ్గరున్న మంచి మాటలన్నీ బయటికి తీశాను. ధైర్యం అన్నాను, ఆత్మవిశ్వాసం అన్నాను, చాచా ఆశయం అన్నాను. వాడు తల వంచుకొని విన్నాడు.

"గల్లీలో అరిసేది వేరక్కా. మేడమ్ ముందర వేరే."

"నేను వస్తా కదరా, పక్కన నిలబడతా."

"నువ్వు చాచావా?"

ఉన్న మాటలన్నీ ఒక్కసారిగా అయిపోవడం నాకదే మొదటిసారి.

వాడి అమ్మ చెంగు దోపుకొని లేచింది. "ఒరేయ్, ఆ మేడమ్ నిన్ను అడిగింది గానీ చాచాను అడగల్యా. ఎవురు ఉన్నా, ఎవురు ల్యాకపోయినా నోరు నీదే. పా, బస్సుకు టైమైంది." వాడు అవునని అనలేదు, కాదని అనలేదు. అయితే ‘ఊ’ అని కూడా అనలేదు. తల్లి వెనకే నడిచి వెళ్లిపోయాడు.

సాయంత్రం రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. పుస్తకం తెరిస్తే ఒక్క వాక్యం కూడా ఎక్కలేదు. చాచాకైతే ఇలాంటప్పుడు ఏం చేయాలో తెలిసేది అనుకున్నాను. మళ్లీ, తెలియకపోయినా ఆయన బస్సెక్కేవాడు అనుకున్నాను. ఆఫీసరుకు ఫోన్ చేసి, చాచా లేడని, రేపు పిల్లోడికి తోడుగా నేను, వాడి అమ్మ వస్తామని చెప్పాను. సరేనంది.

ఇందాకే ఒక ఫోటో వచ్చింది. వాడి ఇంటి ముందు తీగ మీద తెల్ల చొక్కా. మగ్గం మీది పడుగు దారాలకు పెట్టే చిక్కటి గంజిలో ముంచి ఆరేసినట్టుంది వాళ్లమ్మ. గాలికి కదలకుండా, రెండు చేతులూ చాచి, లోపల ఎవరూ లేకుండానే నిటారుగా నిలబడి ఉంది. కింద వాడి మెసేజ్: "అక్కా, కిటికీ సీటు పట్టు."

పట్టనా మరి! రేపు తెల్లారకముందే బస్టాండుకు వెళతాను. మొదటి బస్సు వచ్చి ఆగీ ఆగకముందే కిటికీలోంచి చున్నీ విసిరి ముగ్గురి సీటు పడతాను. ఎమ్మిగనూరు దాకా ఎవరొచ్చి అడిగినా, ఈడ మనిషి వస్తాడని చెబుతాను.