బావి పక్కన మూడు దెబ్బలు

నా ఉద్యోగం చూస్తే అక్కకు నవ్వు. "కూసొని గీతలు చూసుడుకు గూడ జీతమిస్తరా తమ్మీ?" అనేది.

బాన్సువాడలో ఒక గదిలో కూర్చుని నేను చూసేది నిజంగా గీతలే. బీర్కూర్ రోడ్డు వెంట నేలలో పూడ్చిన ఇంటర్నెట్ కేబుల్‌లో, వాడకుండా మిగిలిన ఒక పోగులోకి మా మిషను వెలుగును పంపుతుంది. నేల ఎక్కడ అదిరితే తెర మీద ఆ చోట గీత లేస్తుంది. భూకంపాల కోసం పెట్టారు. అది రోజూ పట్టేది మాత్రం బీర్కూర్ బస్సును, చెరుకు లారీలను.

ఏ గీత ఏ చోటిదో తెలియడానికి మొదట్లో దారి పొడవునా నేలను కొట్టి చూశాం. అక్కావాళ్ల బావి రోడ్డు పక్కనే. అక్కడ బావ గడ్డపారతో మూడు దెబ్బలు వేసి ఫోన్ చేశాడు. "ఏం బామ్మర్దీ, నీ టీవీల నేనొచ్చిన్నా?" అప్పటి నుంచి పొలానికి పోయినప్పుడల్లా మూడు కొట్టి పలకరించేవాడు. నేను తెర ముందు ఒక్కణ్నే నవ్వుకునేవాణ్ని.

ఈ ఎండాకాలం నీళ్లు అడుగంటితే, పూడిక తీద్దామని బావ బావిలోకి దిగాడు. మధ్యాహ్నం ఒడ్డు కూలి మీద పడింది.

అక్క ఫోన్ చేసి అరుస్తూ చెప్పింది. జేసీబీ తవ్వుతోందట. బావ బతికి ఉంటే ఆ తొట్టి కిందే నలిగిపోతాడు, చేతులతోనే తవ్వాలి. ఉన్నాడో లేడో ఎవరికి తెలుసు? తెర వైపు చూశాను. అక్కడంతా జేసీబీవీ, మంది అడుగులవీ గీతల గందరగోళం; బావ కొట్టినా కనబడదు. ఆపద వస్తే మా దగ్గర ఊరంతా వచ్చి బావి చుట్టూ నిలబడుతుంది, దూరంగా ఉండడం ఎవరికీ చేతకాదు.

"అందర్నీ రోడ్డవతలికి పంపక్కా, జేసీబీ ఆపుమను" అన్నాను. బావ తమ్ముడు ఫోన్ లాక్కున్నాడు. "పిచ్చి లేసిందా నీకు? మనిషి మట్టిల ఉంటే తవ్వుడు ఆపాల్నా?" తిట్టాను, బతిమాలాను, ఏడ్చాను. చివరికి మందిని తీసుకుని అవతలికి పోయాడు.

తెర నిమ్మళించింది. బావి దగ్గర మూడు గీతలు లేచాయి. కాసేపాగి మళ్లీ మూడు.

"బావ బతికే ఉన్నడు! కొడ్తుండు!" అని అరిచాను. ఫోన్‌లో ఊరంతా అరిచింది. జేసీబీని పక్కకు పెట్టి, చేతులతో తట్టలకెత్తడం మొదలుపెట్టారు. వాళ్లు ఆగినప్పుడల్లా మూడు గీతలు కనిపించేవి. అంత సంతోషం నాకు జన్మలో ఎన్నడూ లేదు.

పొద్దు గూకే వేళకు గీతలు సన్నబడ్డాయి. భయమేసి అక్కకు ఫోన్ ఇమ్మన్నాను.

"చేతులు గుంజుతున్నయ్ తమ్మీ" అంది.

"ఎవరియి?"

"నాయే. మీ బావకు ఇనబడి పలుకుతడేమోనని, మంది అవతలికి పోయినప్పటి సంది నేనే కొడ్తున్న గదా, గడ్డపారతోని. మూడు మూడు."

అందర్నీ పంపమన్నాను. తాను కూడా ఆ అందరిలో ఉన్నానని అక్కకు తోచనేలేదు.

"జర ఆపక్కా. తవ్వుడు గూడ ఆపుమను."

ఆపారు. చాలాసేపు చూశాను. బావి దగ్గర ఒక్క గీత లేదు.

"కొడ్తుండా తమ్మీ? చెప్పు, కొడ్తుండా?"

"జేసీబీ పెట్టుమను అక్కా" అన్నాను.

ఫోన్‌లో గడ్డపార చప్పుడు వినబడింది. తెర మీద మూడు గీతలు లేచాయి.