జలపతి పేరు మీద బోర్డు

కోరుట్ల బస్టాండు ఎదురుగా నాకొక జిరాక్స్, టైపింగు షాపు ఉంది. ఇరవై ఏండ్లుగా అందులో కూర్చుని జనం తప్పులన్నీ టైపు చేస్తున్నాను. పుట్టిన తేదీ తెలియనివాడు, ఇంటిపేరు మూడు రకాలుగా రాయించుకున్నవాడు, తండ్రి పేరు అడిగితే తన పేరు చెప్పేవాడు, అందరూ నా దగ్గరికే వస్తారు. నాకు ఓపిక తక్కువ. కసురుకుంటాను. కసురుకోకుండా ఒక్కొక్కరినీ బెంచీ మీద కూర్చోబెట్టి, "ఏమైంది బాపూ, నిమ్మలంగ చెప్పు" అని అడిగే మనిషి నా షాపులో ఇంకొకడుండేవాడు. అతని పేరు జలపతి. నా పేరు హైదర్. ఇద్దరిదీ ఒకటే ఈడు.

జలపతిది పెగడపల్లి దగ్గర పల్లె. బహ్రెయిన్‌లో ఒక కంపెనీ ఆఫీసులో తొమ్మిదేండ్లు చేశాడు. మొదట్లో చాయ్ అందించే పని. తర్వాత అక్కడి మందూబ్ వెంట, అంటే కంపెనీ తరఫున సర్కారీ ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి వెంట, ఫైళ్ళు మోసే పని. మోస్తూ మోస్తూ చదవడం నేర్చాడు. అరబీ మాట్లాడటం వచ్చింది, ఏ కాగితం ఏ కిటికీలో ఇవ్వాలో తెలిసింది. కంపెనీ మూతపడ్డాక ఇంటికొచ్చి, కోరుట్లలో కిరాయికి ఉంటూ, రోజూ పొద్దున నా షాపులో బెంచీ మీద కూర్చునేవాడు.

గల్ఫ్‌కు పోయేవాళ్ళు ఏజెంటు ఇచ్చిన కాగితం తెచ్చేవాళ్ళు. జలపతి దాన్ని పైనుంచి కింద సంతకం దాకా చదివిగాని నోరు తెరిచేవాడు కాదు. ఒకసారి కోనరావుపేట నుంచి ఒక పిల్లగాడు డ్రైవర్ వీసా అని మురుసుకుంటూ వచ్చాడు. జలపతి చదివి, "గిండ్ల గొర్ల కాపరి అని ఉన్నది తమ్మీ. ఎడారిల గొర్లు కాయాలె. పోతవా?" అని అడిగాడు. పిల్లగాడికి ఏడుపొక్కటే తక్కువ. అట్లాంటివాళ్ళను ఎందరిని ఆపాడో లెక్కలేదు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. నేనే తిట్టేవాణ్ణి: "అరే, నా జిరాక్సుకన్న పైసలిప్పియ్యి, ధర్మసత్రం పెట్టినవా?"

ఒకనాడు అతను బెంచీ మీద నుంచి లేచి నా బల్ల దగ్గరికి వచ్చాడు. "హైదర్ భాయ్, గీ పని దుబాయ్‌ల పెడుత. ఇన్వెస్టర్ వీసా తీసుకుని నా సొంత కన్సల్టెన్సీ తెరుస్త. ఈడ చెప్పేది పోయేటోళ్ళకు. ఆడ పోయి ఇరుక్కున్నోళ్ళకు ఎవలు చెప్పాలె?"

"నీకు ఇన్వెస్టర్ వీసానా? సేటువైతవా ఏంది?" అని నవ్వాను.

అతను నవ్వలేదు. "దుబాయ్‌ల నా పేరు మీద ఒక బోర్డు ఉండాలె భాయ్" అన్నాడు. ఆ మాట అన్న తీరు చూసి నేను నవ్వు ఆపాను.

ఎందుకో తర్వాత చెప్పాడు. ఇరవై ఏండ్ల వయసులో అతను మొదటిసారి దుబాయ్ పోయింది తన పేరుతో కాదు. చిన్నాయన కొడుకు రాజమల్లుకు వీసా వచ్చింది, తీరా పోయే ముందు రాజమల్లు కాలు విరిగింది. ఏజెంటు ఫొటో మార్చి జలపతిని ఎక్కించాడు. అప్పట్లో మా దిక్కు చాలామంది అట్లా పోయినవాళ్ళే. దుబాయ్‌లో అందరూ అతన్ని రాజమల్లు అని పిలిచేవాళ్ళు. తల్లి చచ్చిపోయిందని ఫోనొస్తే కూడా, "జలపతి ఎవరు?" అని అడిగి క్యాంపులోవాళ్ళు ఫోను పెట్టేశారట. ఆ సంగతి అతనికి నెల దాటాక తెలిసింది. ఆ తర్వాత కంపెనీ నుంచి పారిపోయి రెండేండ్లు ఖల్లివెల్లిగా బతికాడు. చివరికి అక్కడి సర్కారు క్షమాభిక్ష పెట్టినప్పుడు, కండ్ల స్కానింగు ఇచ్చి, రాజమల్లు పేరు మీదే ఔట్‌పాస్, అంటే ఒక్కసారి దేశం దాటి ఇంటికి పోవడానికిచ్చే కాగితం, తీసుకుని ఇల్లు చేరాడు.

ఖల్లివెల్లి అంటే మా ఊళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కంపెనీని విడిచి, కాగితాలు లేకుండా దొంగచాటుగా బతికేవాడు. కాని ఆ మాటకు అసలు అర్థం నాకు జలపతే చెప్పాడు. "అరబ్బులు ఖల్లి వల్లి అంటె, పోనీ, ఇడిశిపెట్టు అని భాయ్. దయగల్ల మాటనే. మనోళ్ళ నోట్ల వడి గిట్లయింది."

ఇన్వెస్టర్ వీసాకు పెట్టుబడి చూపించాలి. జలపతి భార్య సత్యవ్వది సిరిసిల్ల. నాలుగు సాంచాలు, అంటే పవర్‌లూమ్ మగ్గాలు, తండ్రి ఆమె పేరు మీద రాసిచ్చాడు. అన్న పరశురాములు వాటిని నడుపుతూ ఆమె భాగం ఆమెకు పంపేవాడు. అవి అమ్మాలి. నాకు ఇష్టం లేదు. సత్యవ్వ షాపుకు వచ్చినప్పుడు అడిగేశాను. "చెల్లె, నువ్వు మనస్ఫూర్తిగ ఒప్పుకున్నవా, లేకుంటె ఈయన పోరు పడలేకనా?"

ఆమె చేతిలో బీడీల చాట ఉంది. "సాంచాల సప్పుడు వినుకుంట పెరిగిన అన్నా. అమ్ముతాంటె పాణం అదోతీరుగ ఉన్నది. కని ఈయన నిద్రల గూడ రాజమల్లూ అంటె పలుకుతడు. ఒక్కసారన్న ఈయన పేరుతోని ఈయన బతకాలె" అంది. సాంచాలు సిరిసిల్లలోనే ఒక సేటు కొన్నాడు.

ఆరు నెలలు ఆ కాగితాల మీదే గడిచాయి. జగిత్యాల బ్యాంకు చుట్టూ తిరిగాం. దుబాయ్‌లో లైసెన్సులిచ్చే ఫ్రీజోన్ వాళ్ళు ఒకటి అడిగితే రెండు పంపాం. ట్రేడ్ లైసెన్సు వచ్చింది. దాని మీద యజమాని అన్న చోట జలపతి పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉంది. వీసా నా ఫోనుకు వచ్చిన రోజు మందం కాగితం మీద రంగుల్లో తీసిచ్చాను. జలపతి దాన్ని పైనుంచి కింద దాకా చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

బోర్డు జగిత్యాలలోనే చేయించాడు. స్టీలు పలక, మోచేతి పొడవు. తెలుగు, ఇంగ్లీషు, అరబీ మూడింట్లో జలపతి కన్సల్టెన్సీ అని. అరబీ అక్షరాలు నేను చూడకపోతే కొంప మునిగేది. ఉర్దూలాగే అరబీలోనూ 'జ'కు చుక్క కడుపులో ఉండాలి. చెక్కినవాడు చుక్క నెత్తిన పెట్టాడు. నెత్తిన పెడితే అది 'ఖ'. "ఖలపతి అని రాసిండు గాడిద! దుబాయ్ తీస్కపోయి పరువు తీసుకుంటవా?" అని నేనే పోయి కొట్లాడి మళ్ళీ చెక్కించాను. జలపతి ఆ రోజు కడుపుబ్బ నవ్వాడు. అతను అట్లా నవ్వింది నేను చూడటం అదే ఆఖరు.

పోయే ముందు రోజు మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు మెల్లగా అడిగాడు. "భాయ్, పేరు మారింది, పాస్‌పోర్టు మారింది. కండ్లు అవ్వే గదా. స్కానింగ్‌ల రాజమల్లు అని అస్తె?"

ఎవరు ఏది అడిగినా తెలియదు అనే అలవాటు నాకు లేదు. షాపువాణ్ణి కదా. గొంతు పెంచి చెప్పాను. "పదిహేడేండ్ల కిందటి ముచ్చట ఎవనికి కావాలె? ఒకవేళ ఖల్లివెల్లి అన్న మాట వాళ్ళ నోట్లకెళ్ళి అచ్చిందనుకో, జర గూడ దాచకు. వాళ్ళు అడగకముందే మొత్తం ఒప్పుకో. దాస్తెనే జైలు. ఒప్పుకుంటె మాఫ్ చేస్తరు." ఆ చట్టం నేనెక్కడా చదవలేదు. నా నోటికి వచ్చింది. జలపతి మాత్రం నా మాటను కూడా కాగితం లెక్కనే శ్రద్ధగా విన్నాడు.

పోయిన మూడో రోజు మధ్యాహ్నం సంచీతో, బోర్డుతో నా షాపు ముందు బస్సు దిగాడు. మంచినీళ్ళు ఇచ్చాను. తాగలేదు, గ్లాసు పట్టుకుని చెప్పాడు.

"దుబాయ్ ఎయిర్‌పోర్టు కౌంటర్ల చిన్నోడు ఉన్నడు భాయ్. నా కండ్లు స్కాన్ చేసి, కంప్యూటర్ చూసిండు, నన్ను చూసిండు. మల్ల చూసిండు. ఎనుక కూసున్న పెద్దాయనను పిలిచిండు. పెద్దాయన అచ్చి చూసిండు, నా వీసా చూసిండు. చెయ్యి గిట్ల ఊపి, చిన్నోనితోని ఖల్లి వల్లి అన్నడు. గా మాట ఇనంగనే దొరికిపోయిన అనుకున్న. నువ్వు చెప్పింది యాదికచ్చింది. రెండు చేతులు జోడించి మొత్తం చెప్పిన. రాజమల్లు పాస్‌పోర్టు, ఫొటో మార్చుడు, పారిపోవుడు, అన్నీ. అరబీలనే చెప్పిన, మంచిగ సమజయ్యేటట్టు."

"తర్వాత?"

"పెద్దాయన కుర్చీల కూలవడ్డడు. కోపానికి రాలే భాయ్. నా దిక్కు బాధగ చూసిండు. చెప్పినంక ఇగ రాయకుంట ఉండరాదు కదా. రాసిండు. లోపట కూసోవెట్టిండ్రు, తెల్లారి తిరుగు ఇమానం ఎక్కిచ్చిండ్రు. బతికినన్ని రోజులు దుబాయ్‌ల అడుగువెట్టద్దన్నరు. కని గా పెద్దాయన ఎందుకు బాధవడ్డడో, గదే సమజైతలేదు."

నాకు సమజైంది. పెద్దాయన పోనీ, వదిలేయమన్నాడు. జలపతిని వదిలేశాడు. జలపతే పోలేదు. ఆ మాటకు అర్థం నాకు నేర్పినవాడికి, ఆ ఒక్క క్షణంలో అది తట్టలేదు. తట్టకుండా చేసింది నేను. నోరు తెరిచి ఆ మాట చెప్పడం నా వల్ల కాలేదు. ప్రింటరులో కాగితాలు ఉన్నా, తీసి మళ్ళీ పెడుతూ నిలబడ్డాను.

లైసెన్సు రద్దయింది. ఇప్పుడు జలపతి సిరిసిల్లలో ఉంటున్నాడు. సత్యవ్వ సాంచాలను కొన్న సేటు షెడ్డులోనే అవే సాంచాలను కూలికి నడుపుతున్నాడు. పరశురాములు ఏమీ అనలేదట. అనకపోవడమే ఎక్కువ కష్టంగా ఉందని సత్యవ్వ ఫోనులో చెప్పింది. బోర్డు నా షాపులో, ప్రింటరు వెనకాల, గోడ వైపు తిప్పి ఉంది. తీసుకుపొమ్మని నేననలేదు, అతనూ అడగలేదు.

మొన్న వానాకాలంలో ఆధార్ కార్డు పని మీద కోరుట్ల వచ్చి షాపులో కూర్చున్నాడు. చెవులకు సాంచాల సప్పుడు పట్టి, కొంచెం గట్టిగా మాట్లాడుతున్నాడు. చందుర్తి నుంచి ఒక ముసలాయన కొడుకు వీసా కాగితం పట్టుకొచ్చి, పాత అలవాటు కొద్దీ అతని చేతిలో పెట్టాడు. జలపతి దాన్ని చూడకుండానే తిరిగిచ్చేశాడు. "నాకు తెల్వదు బాపూ. హైదర్ భాయ్‌ని అడుగు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ముసలాయన్ను కసిరి పంపించాను.

షాపు ఖాళీ అయ్యాక జలపతి అడిగాడు. "భాయ్, ఒక్క మాట. గా పెద్దాయన అన్నది ఏ ఖల్లి వల్లి అంటవ్? వాళ్ళదా, మనదా?"

ఇన్ని నెలలుగా ఈ ప్రశ్నకే భయపడుతున్నాను. జవాబు ముందే అనుకుని పెట్టుకున్నాను. "మనదే" అన్నాను. "పారిపోయినోడు అనే అన్నడు. నువ్వు చెప్పకున్నా పట్టుకునేటోళ్ళే. నువ్వు చేసింది కరెక్టే."

"కరెక్టేనా?"

"కరెక్టే."

అతను తల ఊపాడు. ఆధార్ కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. సిరిసిల్ల బస్సు వచ్చి ఆగితే లేచి, గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. ముఖంలో కోపం లేదు. నన్ను కూడా బెంచీ మీద కూర్చోబెట్టి నిమ్మలంగా చెప్పమని అడుగుతున్నట్టే ఉంది.

"గా అరబ్బాయనకు మన మాట ఎట్ల తెలుస్తది భాయ్?" అని అడిగి, నా జవాబు కోసం చూడకుండా పోయి బస్సెక్కాడు.